ఖాళీ గడిలో ఎవరున్నారు?

డేటా చేతికి రాగానే చాలామంది పరిశోధక విద్యార్థులు మొదట చేసే పని, ఖాళీలున్న వరసలను తీసేయడం. అడక్కపోయినా సాఫ్ట్‌వేరే ఆ పని చేసిపెడుతుంది. రిగ్రెషన్ నడుస్తుంది, గుణకాల పక్కన స్టార్లు పడతాయి, పేపర్ రాయడం మొదలవుతుంది. నన్నడిగితే, ఆగి చూడాల్సింది ఆ తీసేసిన వరసల దగ్గరే.

ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో ప్రచురించిన వ్యాసాన్ని అందుకే చదవమంటాను. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1 నుంచి కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. వేతనం పెరిగితే కొలువులు పోతాయా? అమలు తేదీ ముందే తెలుసు కనుక, ఈ రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పెంపుకు ముందే ఫోన్ సర్వే చేశారు. ఏడాది చివర మళ్లీ చేశారు. క్లాసుల్లో పాఠం సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి సంగతి. రెండో విడతలో 39 హోటళ్ల నుంచి ఫోన్లో జవాబు రాలేదు. పదో వంతు కూడా లేవు, వదిలేయొచ్చు. కానీ పెరిగిన జీతాలు భరించలేక మూసేసిన హోటల్లో ఫోనెత్తేదెవరు? అలాంటివి పక్కనపెట్టి మిగిలినవాటినే లెక్కిస్తే, కొలువులు పోలేదన్న జవాబు వైపే లెక్క మొగ్గుతుంది. అందుకని ఆ హోటళ్లన్నింటికీ మనిషిని పంపారు. ఆరు శాశ్వతంగా మూతపడ్డాయి, రెండు తాత్కాలికంగా మూసి ఉన్నాయి, మరో రెండింటిలో మరమ్మతులు సాగుతున్నాయి. తెరిచి ఉన్న 29లో ఒక్కటి తప్ప అన్నీ జవాబిచ్చాయి. శాశ్వతంగా మూతపడ్డవాటి సిబ్బందిని సున్నాగా లెక్కకట్టారు. కొలువులు తగ్గలేదన్న వాళ్ల ఫలితం మీద తర్వాత పెద్ద వాదమే నడిచింది. న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు జీతాల రికార్డులు తెచ్చి ఎదురు లెక్క చూపారు. ఆ వాదంలో ఎటు నిలబడినా, ఖాళీని సున్నా నుంచి విడదీయడానికి కార్డ్, క్రూగర్ పడిన శ్రమ అంటే నాకు గౌరవం.

మన దగ్గర ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ, పింఛన్ల చెల్లింపుల కోసం తెచ్చిన స్మార్ట్‌కార్డులపై కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాల్లో అధ్యయనం చేశారు. ప్రభుత్వ రికార్డుల్లోని పేర్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లి, కాగితం మీది కూలీని చేతికందిన కూలీతో పోల్చారు. ఇలాంటి సర్వేలో మనిషి దొరక్కపోతే ఏం రాయాలి? వలస వెళ్లి ఉండొచ్చు, చనిపోయి ఉండొచ్చు. అసలు అలాంటి మనిషే లేకుండా దొంగ మస్టరులో మాత్రమే ఉండొచ్చు. మూడోదైతే, మనం కొలవడానికి వెళ్లిన అవినీతి అదే. ఈ మూడింటినీ ఒకే ఖాళీ గడిలో వేశాక ఏ ఎకనోమెట్రిక్స్ వాటిని విడదీస్తుంది?

కనుక ప్రశ్నావళి అచ్చుకు వెళ్లకముందే తాళం, వలస, మరణం, నిరాకరణ, ఆ పేరుగలవారు ఊళ్లో లేరు అని వేర్వేరు కోడ్‌లు పెట్టాలి. లెక్కలో దేన్ని సున్నాగా తీసుకుంటామో, దేన్ని ఎందుకు వదిలేస్తామో ప్రణాళికలోనే రాసుకోవాలి. ఫలితం చూశాక తీసుకునే నిర్ణయం ఎంత నిజాయితీపరుడిదైనా నాకు అనుమానమే.

రెండోసారి ఇంటికి వెళ్లే సర్వేయర్‌కు బస్సు ఛార్జీ, రోజు భత్యం కూడా ముందే పక్కన పెట్టుకోవాలి. డబ్బు చాలకపోతే ప్రశ్నావళిలో రెండు పేజీలు తగ్గించుకోమంటాను, ఆ ప్రయాణం మాత్రం తగ్గించొద్దంటాను.