రాజోలి చీరయు బ్రౌజరు మరపును

తుంగభద్రాతీరమున గద్వాల సీమలోని రాజోలియందు నేతగాండ్రు నూలు చీరకు పట్టు అంచును నేసిన పిమ్మట అతికింపరు. నడుమ నూలునకొక నాడెయు, ఇరుప్రక్కల అంచులకు వేఱు నాడెలును నడపుచు, నూలుపేకయు పట్టుపేకయు కలిసికొను చోట ప్రతి వరుసయందును రెంటిని ఒకదానితో నొకటి పెనవైతురు. ఈ కూర్పునకే వారు కుట్టు అందురు. అది ఒక్క వరుసలో తప్పినను అచ్చట చీలిక తెలిసిపోవును. 2009 అక్టోబరు వరదలో ఇండ్లును మగ్గములును నష్టపోయిన ఈ యూరివారి చేతిపని యగు గద్వాల చీర, నేడు అంతర్జాలపు టంగళ్లలో దేశదేశముల వారికి లభించుచున్నది. అట్టి అంగడిని కట్టు ప్రోగ్రామరునకును వరుసవరుసకు ఇట్టి కుట్టు తప్పనిది. దానిని ఆతడు సెషన్ అనును.

వెబ్ పుటలను మోయు హెచ్‌టీటీపీ పద్ధతికి స్వతస్సిద్ధముగా జ్ఞాపకము లేదు. చీరను చూడగోరిన యభ్యర్థనయు, దానిని కార్టులో వేయుమన్న యభ్యర్థనయు ఒకే మనుష్యునివని సర్వరెఱుగదు. ఈ కొఱతను తీర్చుటకై 1994లో నెట్‌స్కేపు సంస్థలోని లూ మాంటుల్లీ కుకీని కల్పించెను. దాని పుట్టుకకు హేతువు కొనుగోలు కార్టే యనుట గమనింపదగినది. సర్వరు ఎవరి యూహకును అందని దీర్ఘసంఖ్య నొకదానిని బ్రౌజరున కిచ్చును. బ్రౌజరు ప్రతి యభ్యర్థనతోను దానిని తిరిగి చూపును. ఆ సంఖ్య వెనుక లాగినును, కార్టును, తక్కిన సమస్తమును సర్వరు దాచియుంచును. విధానమింత సరళమైనను, ఆ సంఖ్యను ఎప్పుడు చూపవలెను, ఎప్పుడు చూపరాదు అను విషయమున బ్రౌజర్లకు ఏకాభిప్రాయము లేకపోవుటచేత పెక్కు చిక్కులు కలుగును.

ఒక చిక్కును దగ్గఱగా చూతము. కొనుగోలుదారు చీరను కార్టులో వేసి, బ్యాంకు పుటకు పోయి, ఓటీపీ కొట్టి, సొమ్ము చెల్లించి తిరిగి రాగా, అంగడి ఆతనిని మఱల లాగిన్ కమ్మనును. సొమ్ము పోయినది, కార్టు ఖాళీ! ఫైర్‌ఫాక్సునందు ఇదే కార్యము చక్కగా నెఱవేఱును. క్రోమునందు ఒకమాఱు నెఱవేఱును, ఒకమాఱు చెడును. ఇట్టిదానికి నెట్‌వర్కును నిందించి ఊరకుండువారు పెక్కుమంది.

కారణ మిది. 2020 ఫిబ్రవరిలో క్రోము, కుకీ పరస్థలపు (వేఱొక సైటు) అభ్యర్థనలతో పోవచ్చునో లేదో తెలుపు సేమ్‌సైట్ లక్షణమును పేర్కొనని కుకీలను లాక్స్ తరగతివిగా నెంచ నారంభించి, కోవిడ్ వలన ఏప్రిలులో ఆపి, జులైలో మఱల సాగించినది. లాక్స్ కుకీ పరస్థలమునుండి లంకె నొక్కి వచ్చినవానికి తోడువచ్చును గాని, పరస్థలము పంపిన పోస్ట్ ఫారమునకు తోడురాదు. చెల్లింపు ద్వారములు (పేమెంట్ గేట్‌వేలు) తమ ఫలితమును తఱచుగా పోస్ట్ రూపముననే తిప్పి పంపును. అట్లైన అందఱికిని చెడవలె గదా యందురేమో. పుట్టి రెండు నిమిషములు దాటని కుకీకి క్రోము ఒక మినహాయింపు నొసగినది. పరీక్షకుడు ఏదో యొక చీర నొక్కి నిమిషములో చెల్లింపు ముగించును గనుక ఆతనికి దోషము కనబడదు. నాలుగు అంచులు పోల్చి, ఇంటివారికి చూపి, తీఱికగా కొనెడి నిజమైన కొనుగోలుదారునికే అది తగులును.

ఈ పనిలో ఆరితేఱినవారు కోడును ముట్టుకొనకమునుపు రెండు బ్రౌజర్లను ప్రక్కప్రక్కన తెఱచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ పలకయందు సర్వరు సెట్-కుకీగా ఇచ్చినదానిని, తరువాతి యభ్యర్థనలో కుకీగా తిరిగి వచ్చినదానిని వరుసవెంబడి సరిపోల్చుదురు. అప్పుడు మఱియొక వింతయు బయటపడవచ్చును: కుకీ లేకుండ వచ్చిన ఆ పోస్టును చూచి సర్వరు, క్రొత్తవాడెవడో వచ్చెనని భ్రమించి, క్రొత్త సంఖ్యనిచ్చి పాతదానిని తుడిచివేయును! కుకీ రాకపోవుట సగము దోషమే. మిగిలిన సగము మనము వ్రాసినదే.

తొందరపాటువారు సేమ్‌సైట్ విలువను నన్ అని మార్చి చేతులు దులుపుకొందురు. ఐఓఎస్ 12 నాటి సఫారీ ఆ మాటను తలక్రిందుగా గ్రహించి మిక్కిలి కఠినమగు స్ట్రిక్ట్‌గా పాటించెను. క్రోమునకు వైద్యము చేయగా ఐఫోనునకు రోగము వచ్చినది. నా మతమున, డబ్బు తిరిగివచ్చు త్రోవ సెషన్‌పై ఆధారపడనేరాదు. బ్యాంకునకు పంపకమునుపే ఆర్డరును డేటాబేసున వ్రాసి, తిరిగివచ్చిన పోస్టులోని సంతకమును సరిచూచి, చెల్లింపును ద్వారపు సర్వరునుండియే నిర్ధారించుకొని, క్రొత్త సెషన్ తెఱవక, లంకె నొక్కినట్లే యుండు గెట్ రూపమున ఫలితపుటకు మరలించినచో లాక్స్ కుకీ తనంతట తానే వచ్చును.

తక్కినవి చిల్లర దోషములు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలిడినవాడు అది లేని చిరునామాకు మాఱుట యొకటి. రెండు సర్వర్లుండి సెషన్‌ను ఒకదాని జ్ఞాపకముననే దాచుట యొకటి. సఫారీ జావాస్క్రిప్టు వ్రాసిన కుకీని ఏడు దినములకే తీసివేయుట మఱియొకటి.

చేనేత అమ్మువారికి ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఇన్‌స్టాగ్రాములో చీరను చూచి లంకె నొక్కినప్పుడు తెఱచుకొను లోపలి బ్రౌజరు కుకీలు వేఱు, అదే ఫోనులోని క్రోము కుకీలు వేఱు. అచ్చట నింపిన కార్టు ఇచ్చట కనబడదు. దీనిని ఏ కుకీయు కలుపజాలదు. లాగిన్ చేసినవారి కార్టును ఖాతాతోపాటు సర్వరున దాచుటయే మార్గము.

వెబ్‌సైటు కట్టించుకొను నేత సంఘములవారికి నా మనవి: కార్టులో చీర వేసి, పావుగంట ఆగి, క్రోమునను, పాత ఐఫోనునను, ఇన్‌స్టాగ్రాము లోపలి బ్రౌజరునను చెల్లింపు ముగించి చూపుమని కట్టినవానిని అడుగుడు, చూపలేకపోయినచో బిల్లు చెల్లింపకుడు.