ముందు నంబరు, ఆ తర్వాతే పానా

పాత చైన్ ట్రాక్టరును మళ్లీ నడిపించాలనుకునేవాళ్లు సాధారణంగా స్పేరుపార్టులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. నేను ముందు బండి నంబరు అడుగుతాను. కాటర్‌పిల్లర్ డి2నే తీసుకోండి. 1938 నుంచి 1957 దాకా తయారైన చిన్న డీజిల్ బండి. కాలిఫోర్నియాలో మేముంటున్న స్టాక్‌టన్ చుట్టుపక్కల వాల్‌నట్ తోటల షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. కానీ నంబరు 3జె తో మొదలైతే రెండు చైన్ల మధ్య దూరం 40 అంగుళాలు, 5జె అయితే 50. 1947లో 4యు, 5యు బళ్లు వచ్చాక సిలిండరు బోరు మూడుముప్పావు అంగుళాల నుంచి నాలుగు అంగుళాలకు పెరిగింది. జె బండికి యు బండి పిస్టను పనికిరాదు. ఇంజను మీది నంబరూ వెనక గేరుపెట్టె మీది నంబరూ కలవకపోతే మధ్యలో ఎవరో ఇంజను మార్చారని అర్థం. అప్పుడు ఒకే బండికి రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకోవాలి.

పుస్తకాలు ప్రధానంగా మూడు రకాలు. నడిపేవాడి పుస్తకం నూనెలు, గ్రీజు, చైను బిగువు లాంటివి చెబుతుంది. మెకానిక్ పుస్తకంలో కొలతలుంటాయి. మూడోది పార్టుల కేటలాగు. దీన్ని చాలామంది ఆర్డరు పెట్టేటప్పుడే తెరుస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అందులో ప్రతి భాగాన్నీ విడదీసి వరుసగా బొమ్మ గీస్తారు. ఏ వాషరు దేని వెనక కూర్చుంటుందో, ఏ నట్టుకు లాకు రేకు ఉందో బొమ్మే చెబుతుంది. ఫైనల్ డ్రైవ్ విప్పే ముందు రాత్రి ఆ పేజీ తెరిచి కూర్చుంటే, మర్నాడు చేతులు తడుముకోవాల్సిన పని ఉండదు.

ఈ బళ్లలో నాకు అమితంగా నచ్చేది స్టార్టింగ్ ఇంజను. పెద్ద డీజిల్ ఇంజను పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. ముందు దాన్ని స్టార్టు చేస్తారు. దాని పొగగొట్టం డీజిల్ ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని వేడెక్కిస్తుంది. రెండిటికీ నీళ్లు ఒకటే కాబట్టి బ్లాకు కూడా వెచ్చబడుతుంది. కంప్రెషను వదిలేసి పెద్ద ఇంజనును కాసేపు ఊరికే తిప్పుతారు, ఆయిలు అన్ని బేరింగులకూ చేరుతుంది. ఆ తర్వాతే లీవరు మార్చి డీజిల్ ఇస్తారు. గడ్డకట్టే చలిలో కూడా బ్యాటరీ అవసరం లేకుండా లేచే ఏర్పాటు ఇది. చిన్న ఇంజను మొరాయించిందని తీసిపారేసి ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టేవాళ్లున్నారు. అది నాకు సమ్మతం కాదు. చిన్న ఇంజను మాగ్నెటో, కార్బురేటరు, క్లచ్ సర్దే పద్ధతి అంతా పుస్తకంలో ఉంది. పుస్తకం దొరికితే ఆ ఇంజను బతుకుతుంది.

ఇక పనిముట్లు. అంగుళాల పానాలు, ముప్పావు అంగుళం డ్రైవు సాకెట్లు పాత సామాన్ల సంతల్లో కొనుక్కోవచ్చు. కష్టమల్లా ప్రత్యేక పనిముట్లతోనే. ఈ డీజిల్ ఇంజనులో ప్రతి సిలిండరుకూ విడి ఫ్యుయల్ పంపు ఉంటుంది. దాన్ని నెట్టే లిఫ్టరు ఎత్తును అంగుళంలో వెయ్యో వంతు లెక్కన సరిచూడాలి. ఆ అంకె మెకానిక్ పుస్తకంలో ఉంటుంది. కంపెనీ గేజీ లేకపోయినా డెప్త్ మైక్రోమీటరుతో పని జరుగుతుంది, కానీ అంకె తెలియకపోతే ఏ పరికరమూ ఆదుకోదు. ప్రీకంబషన్ చాంబర్లు ఊడదీసే పానా కూడా అలాంటిదే. బొమ్మ దగ్గరుంటే మంచి టర్నరు లేత్ మీద చేసిపెట్టగలడు.

చైను సంగతి వేరు. పిన్నులు, బుష్షులు ఒక పక్కే అరుగుతాయి కాబట్టి వాటిని సగం చుట్టు తిప్పి మళ్లీ కొంతకాలం వాడుకోవచ్చు. అలా తిప్పడానికి టన్నుల కొద్దీ ఒత్తిడి పెట్టే ట్రాక్ ప్రెస్ కావాలి. అది లేదని గ్యాసుతో ఎర్రగా కాల్చి పిన్ను కొట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కాల్చిన చోట ఉక్కుకు పదును పోతుంది, చైను త్వరగా అరుగుతుంది. ఒకరోజు అద్దెకైనా సరే, ప్రెస్ ఉన్న షాపుకే తీసుకెళ్లాలి.

పుస్తకాలు ఎక్కడ వెతకాలి? కంపెనీ డీలరు దగ్గర చాలా వాటికి పునర్ముద్రణలు వస్తాయి. పాత కాటర్‌పిల్లర్ బళ్ల యజమానులకు ఒక సంఘం ఉంది, అందులోవాళ్లు నంబరు చెబితే ఏ పుస్తకం కావాలో చెబుతారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఎఫ్. హాల్ హిగ్గిన్స్ జీవితమంతా పోగుచేసిన వ్యవసాయ యంత్రాల కాగితాలున్నాయి. కాటర్‌పిల్లర్‌కు ఆద్యుల్లో ఒకరైన బెంజమిన్ హోల్ట్ 1904లో తన చైన్ల బండిని నడిపి చూసింది స్టాక్‌టన్ దగ్గరి మెత్తటి నేలల్లోనే. ఆయన కంపెనీ, బెస్ట్ అనే మరో కంపెనీ కలిసి 1925లో కాటర్‌పిల్లర్ అయింది. ఇక్కడి హాగిన్ మ్యూజియంలో హోల్ట్‌కు సంబంధించిన వస్తువులు చూడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో డి7 లాంటి బళ్లకు అమెరికా సైన్యం వేసిన మాన్యువళ్లు ప్రభుత్వ ప్రచురణలు, ఎవరైనా నకలు తీసుకోవచ్చు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1920 నుంచి చేస్తున్న ట్రాక్టరు పరీక్షల నివేదికలు మరో నిధి. బండి కొత్తగా ఉన్నప్పుడు ఎంత లాగిందో, గంటకు ఎంత డీజిల్ తాగిందో అందులో ఉంటుంది. రిపేరు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి అంతకు మించిన కొలబద్ద లేదు.

మన దేశానికీ ఇలాంటి బళ్లు చాలానే వచ్చాయి. మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టిన భూముల్ని బాగుచేయడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల రుణమిచ్చింది, ఆ సొమ్ముతో చైన్ ట్రాక్టర్లు కొన్నారు. తర్వాత మన ప్రాజెక్టుల మట్టిపనికీ డోజర్లు దిగాయి. నేను ఉద్యోగం చేసిన వర్క్‌షాపులో వాటి పుస్తకాలు ఇనప బీరువా నిండా ఉండేవి. ఆఫీసు మారినప్పుడు అవన్నీ తుక్కుతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. జిడ్డు మరకల మధ్య మా ఫోర్‌మన్ పెన్సిలుతో రాసుకున్న కొలతలు కూడా వాటితోనే పోయాయి.

మీ ఇంట్లో రిటైరైన మెకానిక్, ఆపరేటర్ ఎవరైనా ఉంటే ఆయన ట్రంకుపెట్టె ఒకసారి తెరిపించండి. అలాంటి పుస్తకం కనిపిస్తే తూకానికి వేయకండి. అట్ట మీది సీరియల్ నంబర్లు, కొలతల పేజీలు, ఆయన చేతిరాత ఉన్న ప్రతి పేజీ ఫోటో తీసి దాచండి. అసలు పుస్తకాన్ని దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి.