గడ్డి ఆకునంటిన నాచు

రామేశ్వరం దీవికి ఇరువైపులా ఉన్న పాక్ అఖాతంలోనూ మన్నార్ సింధుశాఖలోనూ సముద్రపు గడ్డి, సముద్రపు నాచు పక్కపక్కనే పెరుగుతున్నా వాటి బతుకుతీరు వేరు. గడ్డి వేర్లూ పూలూ గల మొక్క కనుక ఇసుకలో పాతుకోగలదు. నాచుకు వేర్లు లేక, రాయినో గుల్లనో అంటిపెట్టుకునే పట్టు మాత్రమే ఉండటంతో, కదిలే ఇసుకలో దానికి నిలువనీడ దొరకదు. విశాఖ తీరపు బండల మీద పెరిగే ఉల్వా, సర్గాసం వంటి నాచులకు లేని ఈ చిక్కును ఇసుక నేలలో గడ్డి ఆకే తీరుస్తుంది. ఆకును ఆహారంగా కాక ఆధారంగా వాడుకునే ఇటువంటి నాచులను ఎపిఫైట్లు అంటారు.

అయితే ఆకు కొన్ని వారాలకో నెలలకో రాలిపోయేదే కనుక, సున్నపు పొరలా పరుచుకునే ఎర్ర నాచులు, సన్నని పోగుల నాచులు వంటి త్వరగా పెరిగి త్వరగా బీజాలు విడిచేవే అక్కడ నెగ్గుతాయి. ఆకు మొదలు లేతగా నున్నగానూ, ముదిరిన కొన నాచు పట్టి గరుకుగానూ ఉండటం దాన్ని వేళ్ల మధ్య జార్చి చూసినవారికి ఇట్టే తెలుస్తుంది. వెడల్పాటి పొడవు ఆకుల ఎన్హాలస్‌కు పట్టినంత నాచు పొట్టి ఆకుల హాలోఫిలాకు పట్టదు. గడ్డి మధ్య ఇసుక మీదనే పాకే కాలెర్పా మాత్రం ఈ లెక్కకు అందదు, పాకుడు కాండాలతో తనదారి తాను చూసుకుంటుంది.

ఆకు మీది నాచును నత్తలు మేస్తూ అదుపులో ఉంచుతాయి. తీరపు మురుగుతో నీటిలో నత్రజని పెరిగితే నాచు ఆ మేతను మించి పెరిగి, ఆకుకు వెలుతురు అందనీయదు, ఆధారమిచ్చిన గడ్డే దాని కింద చిక్కిపోతుంది.

ఈ సంబంధం దృష్ట్యా, చతురస్రపు చట్రాన్ని నేల మీద పెట్టి అందులోని నాచు జాతులను లెక్కించే క్షేత్రపద్ధతి, ఏ గడ్డిది ఏ వయసు ఆకో నమోదు చేయనంతవరకు, సగం పనేనని చెప్పాలి. పాక్ అఖాతంలో 2022లో 448 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడిన డుగాంగ్ సంరక్షణ ప్రాంతంలో ఈ లోటు మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఎందుకంటే సముద్రపు ఆవు అనే పేరుగల ఆ జంతువు గడ్డిని వేర్లతో సహా పెకలించి మేసినప్పుడు, దానితోపాటే ఆకు మీది నాచూ పోతుంది. ఆ మేతతో నేల మీద పడిన చాలు మళ్లీ గడ్డితో పూడేదాకా అక్కడ పెట్టిన చట్రంలో ఎపిఫైట్లు కనిపించవు.