కరెంటు పోయినా గేరు పోదు

జీప్ చెరోకీ బండ్లలోని ఏడబ్ల్యూ4 ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేర్లు మార్చే పని రెండు చిన్న సోలినాయిడ్లది. కరెంటు వస్తే ఒకలా, పోతే ఒకలా అవి ఆయిల్ దారి మళ్ళిస్తాయి. మొదటి గేరులో ఒకటో సోలినాయిడుకే కరెంటు. రెండో గేరులో రెండింటికీ. మూడో గేరులో రెండోదానికి మాత్రమే. నాలుగో గేరులో దేనికీ లేదు. దీన్ని తీర్చిదిద్దినవాళ్ళ ముందుచూపంతా ఈ వరసలోనే ఉందంటాను.

హైవే మీద జోరుగా పోతున్నప్పుడు ఈ సోలినాయిడ్లకు కరెంటిచ్చే ఫ్యూజు ఎగిరిందనుకోండి. నాలుగో గేరుకు కరెంటుతో పనే లేదు గనక బండి అలాగే సాగిపోతుంది. కరెంటు లేని ఆ స్థితిని మొదటి గేరుకు కేటాయించి ఉంటే అంత వేగంలో ఇంజను గతేమిటి! అంతేకాదు, లివరు కదిపేది నేరుగా లోపలి ఆయిల్ వాల్వునే. సోలినాయిడ్లను నడిపే గేర్ల కంప్యూటరు పూర్తిగా మూగబోయినా, లివరు 1-2 దగ్గర పెడితే మొదటి గేరు, 3 దగ్గర మూడు, డీ దగ్గర నాలుగు పడతాయి. రివర్సూ పనిచేస్తుంది. పోయేది రెండో గేరొక్కటే. కొండదారిలో చిక్కుకున్న మనిషి చేత్తో గేర్లు మార్చుకుంటూ ఇల్లు చేరవచ్చు.

జపాన్‌కు చెందిన ఐసిన్-వార్నర్ చేసిన ఈ పెట్టె టయోటా వాడిన ఏ340కి తోబుట్టువు. 1987 నుంచి 2001 మోడల్ దాకా జీప్ చెరోకీలో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుకు జతగా నిలిచింది.

దీన్ని చంపేది వేడి. తక్కువ గేరులో బురదలో, ఇసుకలో పాకుతుంటే టార్క్ కన్వర్టరులో ఆయిల్ మరుగుతుంది. బరువులు లాగేవాళ్ళు రేడియేటరుతో సరిపెట్టుకోకుండా విడిగా ఆయిల్ కూలరు పెట్టించుకోవాలి. ఆయిల్ పాన్‌కు డ్రెయిన్ బోల్టు ఉంది, పాన్ ఊడదీయనక్కర్లేదు. కానీ ఒకసారి వదిలితే సగం కూడా రాదు, మిగిలింది కన్వర్టరులో ఉండిపోతుంది. కొన్నాళ్ళు నడిపి మళ్ళీ వదలడమే పద్ధతి. పోయాల్సింది డెక్స్‌రాన్-3 తరహా ఆయిల్. జీప్ క్రైస్లర్ కంపెనీ బండి కదా అని ఆ కంపెనీ సొంత గేర్‌బాక్సుల ఆయిల్ పోయకూడదు.

చాలామంది మరిచేది యాక్సిలరేటరుతో కదిలే కేబులు. లోపలి ఆయిల్ ఒత్తిడి దాని చేతిలో ఉంటుంది. అది వదులైతే ఒత్తిడి తగ్గి క్లచ్ పలకలు జారుతాయి, కాలుతాయి. సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. లివరు ఏ గేరులో ఉందో చెప్పే, బండి కింద బురదకు ఎదురుగా ఉండే గేరు స్విచ్ మాటా అంతే. పార్కులో స్టార్టవకపోయినా, రివర్సు లైటు వెలగకపోయినా ముందు దాన్ని విప్పి లోపలి రాగి రేకులు తుడిచి చూడాలి.

గేర్లు సరిగా పడడం లేదని బండి వస్తే పని తెలిసిన మెకానిక్ వెంటనే పెట్టె విప్పడు. గేర్ల కంప్యూటరు ఫ్యూజు లాగేసి, చేత్తో గేర్లు మారుస్తూ వీధి చివరిదాకా నడిపి చూస్తాడు. ఒకటి, మూడు, నాలుగు శుభ్రంగా పడ్డాయా, లోపం కరెంటు భాగాల్లో ఉంది.