మేళం కట్టే దాకా అమ్మకమే

మార్కెటింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "లీడర్ అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుంది సార్?" అని. ఏళ్ల లెక్కతో దీనికి జవాబు చెప్పలేం. ఇరవై ఏళ్లు తిరిగినా నెలాఖరు టార్గెట్ దాటి ఆలోచించని వాళ్లను చూశాను. చేరిన మరుసటి ఏడే, సరుకు వెనక ఉన్న మనుషుల గురించి అడిగి తెలుసుకునే పిల్లల్నీ చూశాను. ఒక మనిషి ఈ పనిలో ఎంత ఎదిగాడో నేను ఒక్క సంగతిలోనే చూస్తాను: మాట్లాడేటప్పుడు అతను ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడు?

మా వైపు బేరం నేర్చుకోవాలంటే రామభద్రపురం కూరగాయల మార్కెట్టును మించిన బడి లేదు. ఒడిశా నుంచి వచ్చిన వ్యాపారి వంకాయ బుట్టలో చెయ్యి పెట్టి అడుగు కాయ తీసి చూస్తాడు. పైన పేర్చిన కాయల్ని ఎవరూ నమ్మరు. రైతు ముఖం చూసి ధర, వ్యాపారి తొందర చూసి ధర. నేర్చుకునే రోజుల్లో ఇదంతా గొప్పగా ఉంటుంది, ఉండాలి కూడా. కొనేవాడి కళ్లలోకి చూడటం రానివాడు తర్వాత ఎన్ని స్లైడ్లు వేసినా లాభం లేదు.

తర్వాతి పాఠం పుస్తకాల్లో దొరికింది. 1960లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో థియోడర్ లెవిట్ రాసిన వ్యాసాన్ని బిజినెస్ స్కూళ్లలో ఇప్పటికీ చదివిస్తారు. అమెరికా రైల్వే కంపెనీలు తమ వ్యాపారం రైళ్లు నడపడమే అనుకున్నాయి, మనుషుల్ని, సరుకుల్ని చేరవేయడం అనుకోలేదు, అందుకే దెబ్బతిన్నాయి అన్నది అందులో ప్రధానమైన ఉదాహరణ. సరుకు దగ్గర కాకుండా కొనేవారి అవసరం దగ్గర ఆలోచన మొదలుపెట్టమంటాడాయన. ఎంతో విలువైన మాట. కానీ చేతిపని విషయానికొచ్చేసరికి అది సగం మాటే అని నాకు అనిపిస్తుంది. మిగతా సగం మా ఊరి పక్కనే, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో దొరికింది.

బొబ్బిలి అనగానే బయటివారికి 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తుకొస్తారు. ఆ తర్వాత వీణ. గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా పనస కర్రతో వీణలు చెక్కుతున్నాయి. కుండ, దండి అతుకు లేకుండా ఒకే దుంగలో తొలిస్తే అది ఏకాండి వీణ. వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు, 24 మెట్లు, చివర యాళి ముఖం. కచేరీకి పనికొచ్చే వీణ ఒకటి తయారవడానికి నెల దాకా పడుతుంది. మంచి పనస దుంగ దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. ఇంత పనిచేసినా పూర్తి వీణకు ఆర్డర్లు ఎప్పుడో గానీ రావు. ఈ కుటుంబాల పొయ్యి వెలిగేది చాలావరకు చిన్న గిఫ్టు వీణల మీద. సభల్లో, పదవీ విరమణ సన్మానాల్లో, మంత్రులొచ్చినప్పుడు అద్దాల పెట్టెలో పెట్టి ఇచ్చే వీణ అది. లేపాక్షి షోరూముల్లోనూ దొరుకుతుంది.

ఈ చిన్న వీణను తక్కువ చేసి మాట్లాడేవారంటే నాకు కోపం వస్తుంది. అది అన్నం పెట్టింది, చెక్కే చేతులు ఊళ్లోనే ఉండేలా చేసింది. కొనేవారి అవసరం ఏమిటో చూసి పుట్టిన సరుకు అది, లెవిట్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు. అయితే ఏళ్ల తరబడి అదే అమ్ముడయ్యేసరికి, బొబ్బిలి వీణ అంటే అలమారులో పెట్టుకునేది అన్న అభిప్రాయం దేశమంతా పాకింది. గొల్లపల్లి పెద్దాయన ఒకరి దగ్గరకు ఆర్డరు పట్టుకెళ్తే మొదట అడిగే మాట ఇది: "ముందు ఇది సెప్పు బాబూ, ఆయమ్మ వాయిస్తాదా, అలమారులో పెడతాదా?" ఏ మార్కెట్ సర్వే పత్రంలోనూ ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు కనబడలేదు. వాయించేవారికైతే దుంగ ఎంపిక నుంచే వేరు. అలంకారానికైతే నగిషీ ముఖ్యం. ఆ తేడా ఆయనకు తెలుసు. అమ్మేవాళ్లం మేమే ఆ రెండింటినీ ఒకే పేరుతో, ఒకే ఫొటోతో జనంలోకి పంపిస్తున్నాం.

2012లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఈ గుర్తింపు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, చేసే మనిషి అధీకృత వాడుకరిగా విడిగా నమోదు చేసుకోవాలి. ఇన్నీ చేసినా అది ఇచ్చేది పేరును కాపాడుకునే హక్కే. బేరం అది తెచ్చిపెట్టదు. తంజావూరు వీణకూ ఆ గుర్తింపు ఉంది. రెండింటి మధ్య నాదంలో, తయారీలో ఏమిటి భేదమో హైదరాబాదులో వీణ నేర్చుకుంటున్న అమ్మాయికి ఎవరు చెప్పాలి? అది సర్టిఫికెట్ పని కాదు, మా పని.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే సంగతి మేళం. వీణ మెట్లను దండి మీద నల్లటి మైనంలో కూర్చి, స్వరస్థానాలు చెవితో సరిచూస్తూ నిలబెట్టడమే మేళం కట్టడం. చెక్కడం వచ్చిన ప్రతివారికీ ఇది రాదు. ఎండలకు మైనం మెత్తబడుతుంది, వాయించగా వాయించగా మెట్లు అరుగుతాయి, కొన్నేళ్లకు మేళం మళ్లీ కట్టించాల్సిందే. అంటే వీణ కొన్న ఇంటికి దాన్ని చేసిన మనిషితో పని తీరిపోలేదు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో మేళం కదిలిపోయి మూలన నిలబెట్టిన వీణలు ఎన్ని ఉంటాయో! ఆ వీణ పలకకపోతే ఆ ఇంట్లో పిల్ల కీబోర్డు వైపు వెళ్లిపోతుంది, రెండో వీణ అడిగేవాళ్లే ఉండరు. కంపెనీల భాషలో దీన్ని ఆఫ్టర్ సేల్స్ సర్వీసు అంటారు, బైకులకు, ఫ్రిజ్‌లకు దీనికోసం పెద్ద పెద్ద విభాగాలే ఉన్నాయి. వీణకు మాత్రం ఆ పని తెలిసిన చేతులు ఉండి కూడా, ఎవరి ఇంట్లో ఏ వీణ ఉందో రాసిపెట్టిన పుస్తకం ఒక్కటి లేకుండా అమ్ముతున్నారు.

అమ్మకం తెలిసినవాడు ఇక్కడ ఇంకో వీణ అమ్మే దారి వెతుకుతాడు. నాయకుడైతే ముందు ఆ పుస్తకం రాయడం మొదలుపెడతాడు. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు లక్కబొమ్మలకు సహజ రంగులు తిరిగి తెచ్చినప్పుడు జరిగింది ఇలాంటిదే. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. తల్లికి ఆ రంగు మీదే బెంగ. ఆ బెంగకు జవాబు దుకాణం బల్ల దగ్గర దొరకదు, చెట్టు బెరడు, ఆకు, గింజ నుంచి రంగు తీసే చోట దొరుకుతుంది. కొనేవారి మాట తయారయ్యే చోటు దాకా వెళ్లింది కాబట్టే ఆ ఊరి పేరు 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో వినిపించే దాకా వచ్చింది.

అందుకే నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలకు ఈ ఏడు ఇచ్చిన పని ప్రకటన రాయడం కాదు. ప్రతి గిఫ్టు వీణ పెట్టెలోనూ చెక్కినవారి పేరు, ఊరు, ఇది చూసి ఆనందించడానికి చేసింది, వాయించే వీణ కూడా చేస్తాం అన్న రెండు వాక్యాలు ఉండే చీటీ వేయించమన్నాను. సంగీత కళాశాలలకు, వీణ టీచర్లకు ఫోన్లు చేసి బొబ్బిలి వీణ ఉన్న ఇళ్ల జాబితా రాయమన్నాను. మేళం కట్టే ఇద్దరు వేసవి అయ్యాక విశాఖ, హైదరాబాదు వెళ్లి వారం చొప్పున ఉండేలా, దారి ఖర్చూ కూలీ ముందే చేతికిచ్చేలా లెక్క వేయమన్నాను. లెక్క వేసి తెచ్చిన అమ్మాయి అందులో ఒక గడి అదనంగా గీసింది: "ఈ వీణ చేసినది ఎవరు?" అని. నేను చెప్పలేదు, తనకే తోచింది.