ఎత్తుకునేది ఒక గొంతు, అందుకునేది ఊరు

2002లో కామారెడ్డిలో ఒక సభ జరిగింది. సభ అనడం కంటే ఆటపాట అనడమే సరి. రసమయి బాలకిషన్, ఆయన తోటి కళాకారులు కలిసి నడిపిన ఆ కార్యక్రమం పేరు ‘ధూంధాం’. తెలంగాణ ధూంధాంలలో అదే మొదటిది. అప్పటికి కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలో భాగం. ఎల్లారెడ్డి, బాన్సువాడలతో కలిసి సొంత జిల్లాగా విడివడింది 2016 అక్టోబర్ 11న. ఉపన్యాసాన్ని వెనక్కి జరిపి పాటను ముందుకు తెచ్చిన ఆ పద్ధతి, 2014లో రాష్ట్రం వచ్చేదాకా ఊరూరా తిరిగింది. ఉపన్యాసం మొదలైతే లేచిపోయే జనం, దరువు మొదలైతే కూర్చున్నారు. కాసేపటికి కూర్చున్నవాళ్ళూ లేచి ఆడారు.

ధూంధాం వేదికల మీద కొత్త పాటలు వందలుగా పుట్టాయి. వాటి కింద ఉన్న కట్టుబడి మాత్రం కొత్తది కాదు. ఆ కట్టుబడి తెలియాలంటే ఒక్క పాటను విప్పి చూస్తే చాలు. అది ‘బండెనక బండి కట్టి’.

పడమటి దేశాల్లో ‘క్లాసిక్ రాక్’ అనే మాట ఒకటుంది. తాతలు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు విన్న పాటకు మనవలు కూడా తలలూపితే దానికి ఆ హోదా దక్కుతుంది. ఆ లెక్కన తెలంగాణకు అలాంటి పాట ఏదని అడిగితే ఇదే చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు లేదు, స్టూడియో లేదు, రికార్డు కంపెనీ అంతకన్నా లేదు. డెబ్బై ఏళ్ళు దాటినా పాట మాత్రం పాతబడలేదు.

కట్టినవాడు బండి యాదగిరి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మనిషే. అప్పుడు పాట కట్టడం ఒంటరిగా కాగితం ముందు కూర్చుని చేసే పని కాదు. పల్లెల్లో దాన్ని ‘కైగట్టుడు’ అంటారు. అందరికీ తెలిసిన ఒక వరుసను పట్టుకుని, అందులోకి నిన్న జరిగిన సంగతిని ఎక్కించడం. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వరుసలోకి వెట్టి గోడును తెచ్చింది ఈ దారిలోనే. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని వాడుకుంది కూడా ఇలాగే. పట్టుబడితే ప్రాణం మీదికొచ్చే పాటను కాగితం మీద మోసుకు తిరగలేరు. నోటికి రావాలి, ఒక్క రాత్రిలో రావాలి. అందుకే పాదం పొట్టిగా ఉంటుంది, మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, స్వరం పెద్దగా పైకీ కిందికీ పోదు. మంచి గొంతున్నవాళ్ళకే సాధ్యమైన సంగతులు అందులో పెట్టి ఉంటే ఆ పాట నలుగురి దగ్గరే ఆగిపోయేది.

ఇక లోపలి కట్టడం. పాట బండ్లను లెక్కపెట్టడంతో మొదలవుతుంది. ఒకదాని వెనక ఒకటి, పదహారు దాకా. వినేవాడి కళ్ళ ముందు ముందుగా ఒక ఊరేగింపు నిలబడుతుంది, దొర హంగు అంతా కనబడుతుంది. ఆ వెంటనే ప్రశ్న పడుతుంది: ఇన్నింటిలో నువ్వు ఏ బండి ఎక్కి పోతావు? పొగడ్తగా మొదలై ఎకసెక్కంగా తిరిగే ఈ మలుపే పాటకు ప్రాణం. పైగా ఆ ప్రశ్న ఎవరినో ఉద్దేశించి గాలిలోకి వేసింది కాదు. ఎదుట నిలబెట్టి అడిగింది. అంతదాకా ‘బాంచన్, నీ కాల్మొక్త’ అని వంగిన నోరు నైజాం సర్కారును ‘కొడకా’ అని పిలుస్తుంది. అంతటితో ఊరుకోదు. గోల్కొండ కోట కింద గోరీ కడతామని బెదిరిస్తుంది కూడా. భూమి పంపకం గురించి వంద కరపత్రాలు చెప్పలేనిది ఆ ఒక్క పిలుపు చెప్పింది.

మొదట ఈ పాట ఒక దేశ్‌ముఖ్ మీద కట్టిందనీ, పోరాటం పెరిగాక నైజాం వైపు తిరిగిందనీ అంటారు. అందులో వింత ఏమీ లేదు. ఈ తరహా పాటలో పల్లవి కదలదు, చరణం మారుతుంది. చరణంలో ఒక పేరుండే చోటు ఉంటుంది. ఆ చోట్లో ఎవడి పేరు పెడితే పాట వాడి మీదికి పోతుంది. పోలీసు పటేలు పేరు పడితే పోలీసు పటేలు మీదికి, వడ్డీ వ్యాపారి పేరు పడితే వాడి మీదికి. కవి ఒకసారి కట్టి వదిలేస్తే ఊళ్ళు తమ తమ పేర్లు నింపుకున్నాయి. పూర్తయిన పాట కంటే, నింపుకోవడానికి కాస్త చోటు మిగిలిన పాటే ఎక్కువ దూరం పోతుంది. ‘బండెనక బండి’ బతకడానికి అసలు కారణం ఇదే.

పోరాటం ముగిసిన దాదాపు ముప్పై ఏళ్ళకు దీనికి రెండో పుట్టుక వచ్చింది. కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలుగా, గౌతమ్ ఘోష్ దర్శకుడిగా ‘మాభూమి’ వచ్చింది. విడుదలైంది 1980లో. దర్శకుడు బెంగాలీ, నవల ఉర్దూది, సినిమా మాత్రం తెలంగాణ మట్టిది. అందులో భుజాన గొంగడి వేసుకుని గద్దర్ ఈ పాట ఎత్తుకున్నాడు. కామారెడ్డి నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద వచ్చే తూప్రాన్ ఆయన ఊరు. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా ఆ గొంగడి, కాలి గజ్జెలు ఆయన గుర్తులుగానే ఉన్నాయి.

ఆ సినిమా వల్ల పాట రాష్ట్రమంతా పోయింది. అదే సినిమా వల్ల ఒక అన్యాయమూ జరిగింది. పాట గద్దర్‌దే అనుకునేవాళ్ళు ఇవాళ్టికీ ఎక్కువ, బండి యాదగిరి పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఇది మన దగ్గరే జరిగే సంగతి కాదు. 1964లో ‘ది యానిమల్స్’ అనే ఇంగ్లీషు బృందం ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ పాడితే అట్లాంటిక్‌కు రెండు వైపులా అది మొదటి స్థానానికి పోయింది. అది ఎవరు కట్టారో తెలియని పాత జానపద గీతం. రికార్డు మీద మాత్రం వాద్య కూర్పు చేసినవాడిగా బృందంలో ఒక్కడి పేరే పడింది, మిగతావాళ్ళు జీవితమంతా దాని మీద గొణుక్కున్నారు.

గద్దర్ చేర్చింది ఏమిటంటే ఆగడం. పాట మధ్యలో ఆగి మాట్లాడతాడు, నవ్విస్తాడు, ఉన్నట్టుండి గొంతు సాగదీసి ఎత్తుకుంటాడు. ఎక్కడ అందుకోవాలో జనానికి ఎవరూ చెప్పరు, అయినా తప్పరు. ఈ ఆగడానికి ఊతం డప్పు. కట్టె చట్రానికి తోలు బిగించి, గడ్డి మంట మీద కాపి, తోలు బిగుసుకున్నాక మొదలుపెడతారు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ అడుగుకు, సిటికెన పుల్ల ఆ అడుగుల మధ్య సందుకు. చెమ్మ గాలిలో తోలు మెత్తబడితే ఆట మధ్యలోనే మళ్ళీ మంట వేయాలి. ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. మంట అక్కర్లేదు, వానకు భయం లేదు. మోత పదునుగానే ఉంటుంది గాని తోలుకుండే కడుపులోని లోతైన నాదం అందులో పలకదు. అయినా వాయించేవాడి చేతికి, జేబుకు ఏది వీలో వాడే తేల్చుకోవాలి. దూరాన కూర్చుని తోలు గొప్పతనం పాడటం సులువు.

జనాన్ని పాటలో కూలీలుగా పెట్టుకోవడం రాక్ సంగీతానికీ తెలుసు. 1977లో ఇంగ్లండులోని బింగ్లీ హాల్లో కచేరీ ముగిశాక కూడా జనం పాడుతూనే ఉండటం క్వీన్ బృందం చూసింది. ఇంత ఇరుకులో నిలబడ్డవాళ్ళు ఏం చేయగలరని గిటారిస్టు బ్రయాన్ మే ఆలోచించాడు. కాలు నేలకు కొట్టగలరు, చప్పట్లు చరచగలరు, పాడగలరు. అంతే, ‘వి విల్ రాక్ యూ’ పుట్టింది. లండన్ స్టూడియోలో చెక్కల మీద కాళ్ళతో తొక్కి, ఆ మోతనే పొరలు పొరలుగా కలిపారు. డ్రమ్స్ సెట్టు వాడనే లేదు, గిటారు చివర్లో గాని రాదు. కామారెడ్డిలో డప్పు కొట్టేవాడికి ఆ కథ చెబితే ఇందులో కనిపెట్టిందేముందని అడుగుతాడు.

అయితే సాయుధ పోరాటపు నడిబొడ్డు నల్లగొండ, వరంగల్లు వైపు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానిది ఆ చరిత్రలో ముందు వరుస కాదు. మరి ‘బండెనక బండి’ ఇక్కడ ఇంత చనువుగా ఎలా కూర్చుంది? గడి, అంటే దొర కోట, ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దోమకొండ కోట కళ్ళెదుటే ఉంది. 2022లో ఆ కోట పరిరక్షణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా దక్కింది. గడిని బాగు చేసుకుంటూ, గడి మీద కట్టిన పాటను పాడుకుంటూ ఉండటంలో ఇక్కడివాళ్ళకు వైరుధ్యం ఏమీ కనబడదు. ఎల్లారెడ్డి అవతల మంజీరకు కట్టిన నిజాంసాగర్ సంగతీ అంతే. నైజాం సర్కారును తిట్టే పాట పాడిన పొలానికే నైజాం కట్టిన కాలువ నీళ్ళు పారతాయి.

దోమకొండకు కొత్తకాలపు పాటతోనూ ఒక చుట్టరికం ఉంది. రామ్‌చరణ్ అత్తవారి పూర్వీకుల ఊరు అది. ఆయన, ఎన్టీఆర్ కలిసి ఆడిన ‘నాటు నాటు’ 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చుకుంది. చంద్రబోస్ అందులో చాలా భాగం పూట వ్యవధిలో రాసినా, మిగిలిన కాస్త పూర్తవడానికి ఏడాదిన్నర దాటిందని ఆయనే చెప్పుకున్నారు. కీవ్‌లోని రాజభవనం ముందు చిత్రించిన ఆ పాట అంతా చెక్కి పాలిష్ పట్టిన పని. ఊపు పల్లెదే. కానీ దాంట్లో కొత్త చరణం పెట్టడానికి సందు లేదు. ప్రపంచం దాని అడుగును అనుకరించింది, మాటను ముట్టుకోలేదు. ఇది దాని లోపం కాదు, జాతి వేరు.

ఖాళీ చోటున్న పాట విలువ తెలిసినవాళ్ళు రాజకీయ నాయకులు. 2023 శాసనసభ ఎన్నికల్లో ముఖ్యమంత్రి కేసీఆర్, ఆయనను దించాలని దిగిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో ఎదురెదురుగా పోటీ చేశారు. ఆ ఎన్నికల్లో ఒకవైపు ‘గులాబీల జెండలే రామక్క’, ఇంకోవైపు ‘మూడు రంగుల జెండా’ మోగాయి. రెండూ జానపద బాణీలే, రెండింట్లోనూ వంత ఇచ్చే చోటుంది. కామారెడ్డి ఓటర్లు పాటలన్నీ విని, ఇద్దరినీ ఓడించి బీజేపీ అభ్యర్థిని గెలిపించారు. పాటకు చప్పట్లు, ఓటుకు లెక్క వేరు వేరని దాన్నిబట్టి అనుకోవచ్చు.

ఇప్పుడు ఈ పాటలన్నీ డీజే బండి ఎక్కాయి. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే దారిలో పెళ్ళిళ్ళ కాలంలో బరాత్ ఎదురుకాని రోజు ఉండదు. యూట్యూబ్‌లో పుట్టిన జానపదాలు, 2021లో వచ్చిన ‘బుల్లెట్టు బండి’ లాంటివి, పాత ఉద్యమ పాటల పక్కనే మోగుతాయి. దాన్ని తప్పుపట్టడం పెద్దమనుషుల అలవాటు. నిజానికి సినిమా ఏ పని చేసిందో డీజే అదే చేస్తోంది, పాటను కొత్త చెవులకు చేరుస్తోంది. పోయింది వేరొకటి. రీమిక్స్‌లో వేగం పెంచుతారు, చరణాలు తగ్గిస్తారు, వంత ఇవ్వాల్సిన చోటును యంత్రపు మోతతో నింపేస్తారు. పాడేవాళ్ళు ఆడేవాళ్ళుగా మిగిలారు.

ఆ నష్టం ఎంతో బతుకమ్మ దగ్గర సరిగ్గా తెలుస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో ఒకామె పాదం ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. పురాణ కథ అయిపోతే ఆమె ఊళ్ళో సంగతి ఎత్తుకుంటుంది, దుబాయి పోయిన కొడుకు ముచ్చట ఎత్తుకుంటుంది, పక్కన తిరుగుతున్న వదినను ఆటపట్టిస్తుంది. ఏదీ ముందుగా రాసుకున్నది కాదు. మిగతావాళ్ళు వంత పాడి చప్పట్లు చరిచేంత సేపే ఆమెకు తర్వాతి పాదం వెతుక్కునే వ్యవధి. బండి యాదగిరి పాటలో ఊళ్ళు తమ దొరల పేర్లు నింపుకున్నదీ అంత సేపట్లోనే. పెద్ద స్పీకర్లు పెట్టిన వాడల్లో సద్దుల బతుకమ్మ నాడు ఆ వ్యవధి ఎవరికీ దొరకడం లేదు. ఎత్తుకోవడానికి పాట ముందే సిద్ధంగా ఉంటుంది, వంత కూడా అందులోనే ఉంటుంది.