తొడ కండ, పక్కటెముక నరం

“గట్టిగా ఊపిరి పీల్చు, ఆ ఊపులోనే మోచెయ్యి మడువు.” ఫిజియోథెరపీ గదిలో నేనీ మాట అంటుంటే పక్క మంచం మీదవాళ్లు వింతగా చూస్తారు. ఊపిరికీ మోచేతికీ ఏమిటి సంబంధం?

ఆ సంబంధం సర్జన్లు కలిపిందే. బైకు మీంచి పడ్డప్పుడు తల ఓవైపు, భుజం ఇంకోవైపు సాగిపోతే, మెడలోంచి చేతికి దిగే ఐదు నరాల వేర్లు వెన్నుపాము దగ్గరే ఊడిపోవచ్చు. వేరే ఊడాక కుట్టడానికి అక్కడేమీ మిగలదు. అందుకని పక్కటెముకల మధ్య ఉండి ఊపిరికి పనిచేసే నరాలను రెండు మూడు మళ్లించి, మోచెయ్యి మడిచే బైసెప్స్ నరానికి కలుపుతారు. కింది రెండు వేర్లు మిగిలినవాళ్లకైతే, 1994లో ఫ్రాన్స్ సర్జన్ క్రిస్టోఫ్ ఓబెర్లిన్ ప్రకటించిన పద్ధతి ఉంది: వేళ్లకు వెళ్లే అల్నార్ నరంలోంచి ఒక్క పోగు విడదీసి బైసెప్స్‌కిస్తారు. వేళ్ల పట్టు దాదాపు అలాగే ఉంటుంది.

కానీ నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర నరం అందని కండ ఇక పలకదు. అందుకే మూడు నుంచి ఆరు నెలల్లోపు రమ్మని బతిమాలుతుంటాం.

నేను చెప్పే కుర్రాడు పదో నెలలో వచ్చాడు. ప్రమాదంలో కాలు కూడా విరిగింది, ముందు దాన్నే చూశారు. “చెయ్యి అదే వస్తుందన్నారమ్మా” అంది వాళ్లమ్మ. పది నెలలూ రోజూ నువ్వులనూనె రాసి, చెయ్యి మడిచి చాచిందట. నూనెతో నరం రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె మడవబట్టే కీళ్లు బిగుసుకోలేదన్నాను. అదీ నిజమే.

బైసెప్స్‌ని నమ్ముకునే సమయం దాటిపోయింది. విరగని కాలి తొడ లోపలినుంచి గ్రాసిలిస్ కండను రక్తనాళాలతో, నరంతో సహా తీసి చేతిలో అమర్చారు. పక్కటెముక నరాలు దానికి కలిపారు. ఆ కండ లేకపోయినా నడక చెడదు.

తర్వాత నెలల తరబడి ఏమీ లేదు. అతను ఊపిరి పీలుస్తుంటే ఆ కండ మీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకునేదాన్ని. ఏడో నెలలో ఫోను. “మేడమ్, తుమ్మితే చెయ్యి కదిలింది!”

అసలు చాకిరీ అప్పుడు మొదలైంది. ఊపిరి సాయం లేకుండా మడవడం మెదడుకు నేర్పాలి. ఏడాదికి పైగా, రోజూ వందలసార్లు.

మొన్న వచ్చాడు. వేళ్లు ఇంకా పట్టవు. వాళ్లమ్మ పంపిన జామకాయల సంచి మోచేతి మడతలో తగిలించుకుని, గుమ్మంలోనే నిలబడి ఆపకుండా కబుర్లు చెబుతున్నాడు. సంచి జారలేదు.